దాహమడగని వార్డు

మూడో వార్డులో పిలుపు గంటలు ఊడదీస్తున్న రోజు ఎస్తేరు రాణి దగ్గరుండి చూసింది. ఎలక్ట్రీషియన్ ఒక్కో మంచం తలవైపున స్టూలు వేసుకుని ఎక్కి, మరలు విప్పి, మీటలను ప్లాస్టిక్ బుట్టలో పడేస్తున్నాడు. వాటితో ఇక పనిలేదు. ఆ వార్డులో ఏ రోగీ నర్సును పిలవగా విని చాలా వారాలైంది.

ఒంగోలు ఊరిచివర, సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంది ఆ ఆసుపత్రి. పక్షవాతం వచ్చినవాళ్ళు, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు అక్కడ నెలల తరబడి ఉండి, మళ్ళీ కూర్చోవడం, నిలబడటం నేర్చుకుంటారు. దానికి ఆనుకుని ఉన్న నర్సింగ్ కాలేజీలో ఎస్తేరు రాణి ప్రొఫెసరు. ఆమె చెప్పే సబ్జెక్టు నర్సింగ్ సిద్ధాంతాలు. పిల్లలు పరీక్షకు ముందు బట్టీపట్టి, వార్డులో అడుగుపెట్టగానే మరిచిపోయే సబ్జెక్టు. "పక్క గుడ్డలు మార్చడానికి సిద్ధాంతమెందుకండీ?" అని డాక్టర్లు ఆమె ఎదుటే నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆమెను చాలా ఏళ్ళు కుదురుగా ఉండనివ్వలేదు.

ఆమెకు సొంతంగా ఒక సిద్ధాంతం ఉంది. మనిషికి ఒక అవసరం పుడుతుంది, తర్వాత అది తీరుతుంది. ఈ రెంటికీ మధ్య కొంత ఎడం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆ ఎడాన్ని తనే దాటతాడు, లేచి వెళ్ళి నీళ్ళు ముంచుకుంటాడు. రోగి దాటలేడు. ఆ ఎడంలో నిలబడే మనిషే నర్సు. ఎడం ఎంత తగ్గితే సేవ అంత గొప్పది, అది సున్నా అయిన రోజు నర్సింగ్ సంపూర్ణమవుతుంది అని పరిశోధన పత్రంలో రాసింది. చదివినవాళ్ళు, బాగుంది గానీ సున్నా ఎలా అవుతుందమ్మా అన్నారు.

నౌషాద్ వచ్చి దాన్ని సున్నా చేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె రెండో సంవత్సరం విద్యార్థినులను వార్డులోకి తీసుకొచ్చింది. "మాట్లాడకుండా సలోమి సిస్టర్‌ని చూస్తూ ఉండండి," అంది.

సలోమి కిటికీ దగ్గర కూర్చుని గాజుగుడ్డ మడతపెడుతోంది. ఆమె ఎడమచేతికి బూడిద రంగు రబ్బరు గాజు ఉంది. అది ఉన్నట్టుండి అదిరి, నీలంగా వెలిగింది. సలోమి దానిమీద కనపడ్డ మంచం నంబరు చూసి లేచింది. ఆ మంచం మీద చీరాల నుంచి వచ్చిన తులసమ్మ పక్క మంచం ఆవిడతో కోడలి గురించి చెబుతోంది. ఆమెకు కుడివైపంతా పడిపోయింది. నుదుటిమీద సన్నని పట్టీ ఒకటి అంటించి ఉంది. సలోమి ఆమె తల కొద్దిగా ఎత్తి స్ట్రా నోటికి పెట్టింది. తులసమ్మ సగం గ్లాసు తాగి, ఆపిన చోటినుంచే మళ్ళీ కోడలి కథ అందుకుంది.

"పెద్దమ్మా, దాహమేసిందా?" అనడిగింది ఒక విద్యార్థిని.

"లేదే. తాగితే మటుకు బాగుంది," అంది తులసమ్మ. "ఈ పిల్లకి ఎట్టా తెలుస్తదో నాకు తెలవదమ్మా. ఒంటికి పోవాలన్నా అంతే, పక్కకి తిరగాలన్నా అంతే. నాకు తట్టకముందే వచ్చేస్తది."

నౌషాద్ గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాడు. వైద్య పరికరాల ఇంజనీరు, ముప్పై దాటినవాడు, మాట మెల్లగా ఉంటుంది. "దాహం నోట్లో పుట్టదు," అని పిల్లలకు చెప్పాడు. "ముందు మెదడు అడుగున చిన్న కదలిక వస్తుంది. అది కాసేపు పైకి పాకి, అప్పుడు 'నాకు దాహంగా ఉంది' అన్న ఊహ అవుతుంది. నుదుటి పట్టీ ఆ అడుగు కదలికను పసిగట్టి సిస్టర్ గాజుకు చెబుతుంది. రోగికి తెలిసేలోపే సిస్టర్‌కి తెలుస్తుంది."

దాని పేరు ముందెరుక. అది వచ్చాక వార్డులో ఒక్కరికి కూడా పుండ్లు పడలేదు. బాత్రూముకు తొందరపడి ఎవరూ కిందపడలేదు. అరుపులు లేవు, విసుగు లేదు. వేరే ఊళ్ళనుంచి డాక్టర్లు చూడటానికి వస్తున్నారు. ఎస్తేరు రాణి సిద్ధాంతం పుస్తకంలోంచి లేచి మంచం దగ్గరికి నడిచి వచ్చింది. ఆరోజు బుట్టలో పడుతున్న మీటల చప్పుడు ఆమెకు చప్పట్లలా వినపడింది.

*

ఆమె భర్త ప్రభుదాస్ బస్సు డిపోలో హెడ్ మెకానిక్. అడగటం అతని స్వభావం. కూరలో కారం చాల్లేదంటాడు. దిండు మెత్తగా ఉందని గొడవ, గట్టిగా ఉందని గొడవ. ఆదివారం చర్చికి తయారై నిలబడ్డాక చొక్కా మార్చాలంటాడు, ఇస్త్రీ చేసింది కావాలంటాడు, అదీ తెల్లదే కావాలంటాడు. కూతురు జెస్సి ఇంటర్ కాలేజీలో లెక్చరరై సొంతంగా కాపురం పెట్టుకున్నాక, ఆ అడగటమంతా ఎస్తేరు ఒక్కదాని మీదే పడింది. ఆమె ఎన్నోసార్లు చేతులు జోడించి, "కాసేపు ఏమీ అడక్కుండా ఉండండి మహాప్రభో," అంది.

అతనికి డిపోలోనే పక్షవాతం వచ్చింది. ప్రాణగండం గడిచాక మూడో వార్డుకు తెచ్చారు. అక్కడ మంచం మీద పడుకోబెడుతుంటే భయంతోపాటు ఎస్తేరుకు లోపల చిన్న గర్వం కూడా కలిగింది. దేశంలో ఇంతకంటే మంచి నర్సింగ్ ఎక్కడా దొరకదు, దాన్ని కట్టింది నేను, అనుకుంది.

మొదట్లో అతను నుదుటికి పట్టీ ఉన్నా కేకలు వేశాడు. కేక వేసేసరికే సలోమి పక్కన ఉండేది. కొద్దిరోజులకు కేకలు తగ్గాయి. తర్వాత మాటలూ తగ్గాయి. ఒళ్ళు మాత్రం రోజురోజుకూ కుదురుకుంది. చేతికి పట్టు వచ్చింది, కర్ర పట్టుకుని వరండా అంతా తిరిగాడు. వేసవి మొదలయ్యే రోజుల్లో నుదుటి పట్టీ తీసేసి ఇంటికి పంపారు. సలోమి గుమ్మందాకా వచ్చి, "సార్ ఎంత మంచోరయిపోయారో మేడమ్! ఒక్క మాటనరు," అంది.

ఇంటికొచ్చిన మరుసటి పొద్దున ఎస్తేరు అతన్ని ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళింది. పని ముగించుకుని వచ్చేసరికి కిటికీలోంచి ఎండ అతని ముఖం మీద పడుతోంది. చెంపలు ఎర్రబడ్డాయి. కళ్ళు చికిలించుకుని, నుదుటినుంచి చెమట గడ్డానికి కారుతుంటే, అతను అలాగే కూర్చున్నాడు. కర్ర చేతిపక్కనే ఉంది. కాస్త జరిగితే నీడ.

"ఏవండీ! ఎండలో కూర్చున్నారేంటి?"

అతను ఆమెవైపు చూశాడు. "ఎండ వచ్చిందా?" అన్నాడు.

ఆమె కుర్చీ జరిపి ముఖం తుడిచింది. "మంచినీళ్ళు కావాలా?"

"తెలీదు."

"కావాలా వద్దా?"

"నీ ఇష్టం."

తాగించింది. గ్లాసుకు గ్లాసు, ఆపకుండా తాగాడు. గొంతు ఎండిపోయి ఉంది. ఆ సంగతి అతని గొంతుకు తెలుసు, అతనికి తెలియదు.

ఆ ఆదివారం జెస్సి వచ్చి తండ్రి పక్కన కూర్చుని, "నాన్నలో ఎంత ప్రశాంతత వచ్చిందమ్మా! నువ్వు ఇన్నాళ్ళూ కోరుకుంది ఇదేగా," అంది. ఎస్తేరు చేతులు ఒకచోట నిలవడం లేదు. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతోంది. నరాల డాక్టరు చూసి, జబ్బు తర్వాత వచ్చే దిగులు కావచ్చని మందు రాశాడు. కానీ ప్రభుదాస్ ముఖంలో దిగులు లేదు. దిగులు పడటానికైనా మనిషికి ఏదో ఒకటి కావాలనిపించాలి. ఈయనకు ఏదీ కావాలనిపించడం లేదు.

*

తులసమ్మ కొడుకు మల్లేశ్వరరావు ఆసుపత్రికి వచ్చింది ఫిర్యాదు చేయడానికి కాదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన నాలుగు కాళ్ళ నడక కర్రను తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఎస్తేరు వరండాలో అతన్ని గుర్తుపట్టి పలకరించింది.

"అమ్మ బాగుందా?"

"అమ్మ పోయిందమ్మా," అన్నాడు.

ఆమె అతన్ని తన గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అతను నడక కర్రను వదలకుండా పట్టుకునే కూర్చున్నాడు.

"ఏం జరిగిందయ్యా?"

"ఏం జరగలా. అదే నాకు అర్థం కాట్లా. నేనూ నా భార్యా మగ్గం గుంటలో కూర్చుంటే, అమ్మ మంచం మాకు ఎదురుగానే. కుండ ఆమె తల దగ్గరే. గ్లాసు మూత మీద బోర్లించి పెట్టాం. ఎడం చెయ్యి బాగానే పని చేస్తంది గదా. ఎండలు మండిపోతన్నాయి, మేం గంటకోసారి తాగతన్నాం. అమ్మ ఊరకే మమ్మల్ని చూస్తా పడుకుంది. సాయంత్రానికి ప్రాణం పోయింది." అతను నడక కర్ర పిడిని రుద్దాడు. "ముందు రోజు కూడా అంతేనంట, నా భార్య తర్వాత చెప్పింది. అన్నం పెడితే తినింది. నీళ్ళు అడగలా. పని మీదున్నాం, మేం కనుక్కోలా. అడిగితే ఇచ్చేవాళ్ళం గదమ్మా. ఒక్కసారి అడిగితే చాలు గదా."

ఎస్తేరుకు కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది.

"మా అమ్మకి మా మీద కోపమేమో అనుకుంటన్నానమ్మా," అన్నాడు మల్లేశ్వరరావు. "ఇక్కడ మీరంతా చెప్పకుండానే చూసుకునేవోళ్ళు గదా. మేం అట్టా చూసుకోలేకపోయామని అలిగి చచ్చిపోయిందేమోనని."

"కాదు. మీ తప్పు రవ్వంత కూడా లేదు," అంది ఎస్తేరు. "ఆమెకు దాహం తెలియలేదు నాయనా. మా వార్డు చేసిన పని అది. ఎలా జరిగిందో కనుక్కుని నేనే మీ ఇంటికొచ్చి చెబుతాను."

ఆమె చెప్పింది అతనికి పూర్తిగా ఎక్కినట్టు లేదు. నడక కర్రను గోడకు జాగ్రత్తగా ఆనించి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

*

నౌషాద్ తెరమీద తులసమ్మ రికార్డు తీశాడు. వార్డులో చేరిన మొదటివారం దాహం అల అడుగునుంచి లేచి, మెలికలు తిరుగుతూ పైకంటా పాకింది. చివరివారం అల అడుగునే పుట్టి, అక్కడే చదునైపోయింది. అతను అందరి రికార్డులూ తీశాడు. అందరిదీ అంతే. ఎక్కువకాలం ఉన్నవాళ్ళలో మరీ పొట్టిగా ఉంది. ప్రభుదాస్‌ది దాదాపు చదునైన గీత.

"అల పైకి చేరేలోపే మనం తీర్చేశాం మేడమ్," అన్నాడు. అతని ముఖం పాలిపోయింది. "ప్రతిసారీ. పైకి రావాల్సిన పని లేకపోయేసరికి ఆ దారి నడవని బాటలా పూడిపోయింది. మనం అల మొదలే చూసుకుంటూ కూర్చున్నాం. చివర చూడలేదు."

"మళ్ళీ తెరుచుకుంటుందా?"

"చెప్పలేను. అడుగున కదలిక ఇంకా ఉంది. అది పైకి రావాలంటే ఎక్కువసేపు ఉండనివ్వాలి. తీర్చకూడదు."

"అంటే దాహంతో ఉంచాలి."

నౌషాద్ తల దించుకున్నాడు. "ప్రాణానికి ముప్పు రాకుండా ఎక్కడ ఆపాలో నేను చూడగలను. ఆలోపు కోరిక పుడుతుందో లేదో మాత్రం చూడలేను." తెర ఆపేసి, "ఇంకో దారి ఉంది మేడమ్. పట్టీ తీయొద్దు. ఇంటికి కూడా ఇచ్చేద్దాం. ఇంట్లో ఎవరో ఒకరు గాజు వేసుకుంటారు. సార్‌కి ఏ కష్టం ఉండదు. ఎవరూ చావరు," అన్నాడు.

ఆ మాట ఆమెను రెండు రోజులు పట్టి కుదిపింది. పట్టీ మళ్ళీ అంటిస్తే సరిపోతుంది. భర్త హాయిగా ఉంటాడు, ఎండ ముఖాన పడకముందే కుర్చీ జరుపుతుంది. బతికినంతకాలం ఆయన దాహం తన చేతికి తెలుస్తుంది. ఆయన కళ్ళముందు ఉంటాడు. కుండీలో మొక్క కూడా అలాగే ఉంటుంది. తను ముందు పోతే గాజు జెస్సి చేతికెళుతుంది. రోడ్డుమీద నడుస్తున్నా, క్లాసులో పాఠం చెబుతున్నా ఆలోచన అక్కడే తిరిగింది. బోర్డు మీద ఎడం సిద్ధాంతం బొమ్మ గీస్తూ మధ్యలో ఆగిపోయింది. ఒకవైపు అవసరం, ఒకవైపు తీరడం. మధ్యలో తను ఎప్పుడూ ఖాళీగా వదిలే చోటు. ఆ చోట్లోనే గదా మనిషికి కావాలనిపించేది, చెయ్యి చాచేది, పిలిచేది! ఆ ఎడమే లేకపోతే రోగి ఎక్కడ ఉంటాడు?

డస్టర్ తీసుకుని బొమ్మంతా చెరిపేసింది. "ఇవాళ్టికి చాలు," అని బయటికి వచ్చి, తిన్నగా సూపరింటెండెంటు గదికి నడిచింది.

సూపరింటెండెంటు కోదండపాణి గారు మంచి మూడ్‌లో ఉన్నారు. ముందెరుకను జిల్లా ఆసుపత్రులన్నిటిలో పెట్టాలా అని చూడటానికి ఆ వారమే ఒక కమిటీ వస్తోంది. ఆమె చెప్పిందంతా విని, "ఒక ముసలావిడ ఎండదెబ్బకు పోయిందని వార్డు ఆపేయమంటారా?" అన్నారు.

"ఎండదెబ్బ కాదు సార్. రికార్డులు చూడండి."

"చూస్తాను. కమిటీ వచ్చి వెళ్ళనివ్వండి. ఎడం సున్నా కావాలని రాసింది మీరే గదమ్మా! అది అయ్యాక మీరే వద్దంటే నవ్వరా?"

"నవ్వనివ్వండి. ఈరోజునుంచి గాజు వెలగగానే నీళ్ళు ఇవ్వం."

ఆయన ముఖం మారింది. "నా అనుమతి లేకుండా?"

"మందులు మీవి సార్. మీరు రాసిన మందు ఒక్కటి కూడా ఆపను. రోగికి నీళ్ళు ఎలా అందించాలి, ఎంత సాయం చేయాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అన్నది నర్సింగ్. దానికి జవాబుదారీ నాది, అనుమతి కూడా నాదే."

*

సలోమి ఒప్పుకోలేదు. గాజు నీలంగా వెలుగుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ తాతకి దాహమని నా చేతికి తెలుస్తంది మేడమ్. తెలిసి కూడా ఎట్టా కూర్చోమంటారు? ఇది పాపం గదా?"

"కూర్చోమంటున్నాను, వదిలేసి పొమ్మనడం లేదు," అంది ఎస్తేరు. ఆమె ఒక స్టూలు లాక్కొచ్చి ఆ ముసలాయన మంచం పక్కన వేసింది. గ్లాసు నింపి, ఆయన మంచిచేయి చాస్తే అందేచోట పెట్టింది. "ఇక్కడ కూర్చో. ఆయనతో మాట్లాడు. నౌషాద్ పెట్టిన ప్రమాదపు గీత దాటిందంటే వెంటనే తాగించు, ఒక్క క్షణం ఆలస్యం చేయొద్దు. అప్పటిదాకా పక్కనే ఉండు. నేను మీకు తప్పు చెప్పాను సలోమీ. ఎడాన్ని పూడ్చేయడం కాదు మన పని. ఆయన దాన్ని దాటేదాకా తోడుండటం."

సలోమి కూర్చుంది. మునుపు నీళ్ళు తాగించడం ఒక నిమిషం పని. ఇప్పుడు ఒక్కో మంచం దగ్గర ఒక్కో నర్సు ఏమీ చేయకుండా కూర్చోవాలి, ఆ ఏమీ చేయకపోవడమే అన్నిటికంటే బరువైన పని. వార్డులో నర్సులు చాల్లేదు. ఎస్తేరు తన విద్యార్థినులను తెచ్చి కూర్చోబెట్టింది.

కమిటీ వచ్చేసరికి వార్డు అలా ఉంది. పెదాలు ఎండిన రోగులు, పక్కన కళ్ళు ఎర్రబడ్డ నర్సులు, గుమ్మంలో అరుస్తున్న బంధువులు. "మా నాయనకి నీళ్ళివ్వట్లేదు, చంపేస్తన్నారు," అని ఒకామె కమిటీ పెద్ద చెయ్యి పట్టుకుంది. ఎస్తేరు రికార్డులు చూపించి చెప్పింది. వాళ్ళు సగం విన్నారు. సాయంత్రానికి ముందెరుక విస్తరణ ఆగిపోయింది. ఎస్తేరును విచారణ ముగిసేదాకా కాలేజీకి రావొద్దన్నారు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెడుతూ కోదండపాణి గారు తల ఎత్తలేదు. కానీ ఆయన ఆ తర్వాత రికార్డులన్నీ తెప్పించుకుని చదివారు. సలోమిని, మిగతా నర్సులను ఆపలేదు.

తర్వాతి వారాల్లో వార్డులో కొందరికి కోరిక తిరిగి వచ్చింది. ఒకాయనకు మొదట దోమ కుట్టిన చోట గోక్కోవాలనిపించింది. చిన్నపిల్లవాడున్న ఒకామెకు ఆకలి వేసింది, ఆ సంతోషానికి ఏడ్చింది. వెన్నుపూస విరిగిన ఒక యువకుడికి మాత్రం ఎంతకీ రాలేదు. అతని ఇంటివాళ్ళు పట్టీ అలాగే ఉంచమని అడిగి, గాజుతో సహా ఇంటికి తీసుకుపోయారు. ఎస్తేరు చీరాల వెళ్ళి మల్లేశ్వరరావుకు అంతా చెప్పింది. అతను విని, తల్లికి తమ మీద అలక లేదని రూఢి చేసుకుని, అప్పుడు మొదటిసారి ఏడ్చాడు. ఆమెను క్షమించానని అనలేదు. ఆమె అడగలేదు.

*

ఇక ఇంట్లో ఎస్తేరు, ప్రభుదాస్ ఎదురెదురుగా మిగిలారు.

నౌషాద్ అతని నుదుటికి పట్టీ అంటించి, గాజు ఆమె చేతికి తొడిగి, దానిమీద ప్రమాదపు గీత ఎక్కడుందో చూపించి వెళ్ళాడు. ప్రతి ఉదయం ఆమె భర్తను కుర్చీలో కూర్చోబెట్టి, బల్లమీద గ్లాసు పెట్టి, ఎదురుగా కూర్చునేది. గాజు నీలంగా వెలిగేది. ఆమె చేయి తనకు తెలియకుండానే గ్లాసువైపు పోయేది, వెనక్కి లాక్కునేది. అతను గ్లాసును చూసేవాడు. గోడను చూసినట్టే చూసేవాడు. నాలుకతో పెదాలు కూడా తడుపుకునేవాడు కాదు. గీత దగ్గరపడేది. ఆమె లేచి తాగించేది. ఓడిపోయినట్టు మళ్ళీ కూర్చునేది. ఇలా ఎన్నాళ్ళు చేసిందో ఆమెకే లెక్క తెలియలేదు. తనూ తాగడం మానేసింది. ఆయన ముందు తాగాలంటే గొంతు దిగేది కాదు.

జెస్సి ఒకరోజు చెప్పాపెట్టకుండా వచ్చి చూసింది. తండ్రి పెదాలు పగిలి ఉన్నాయి. తల్లి ఎదురుగా బొమ్మలా కూర్చుని ఉంది.

"ఏం చేస్తన్నావమ్మా నువ్వు?"

"ఆగు జెస్సీ."

"ఆగేదేంది? నాన్న నోరెండిపోతంటే చూస్తా కూర్చున్నావా? నువ్వసలు నర్సువేనా?" జెస్సి గ్లాసు అందుకోబోయింది. ఎస్తేరు ఆమె మణికట్టు పట్టుకుంది.

"వదులు! నీ సిద్ధాంతాలు నాన్న మీదా? ఆ ముసలామెతో తీరలేదా నీకు?"

ఆ మాట ఎస్తేరుకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా పట్టు వదల్లేదు. "నేను పోతే నీకెవరు చెబుతారే ఆయనకు దాహమని? ఆ గాజు నీకు తొడిగి పోవాలా? నువ్వు పోయాక ఎవరికి తొడుగుతావు?" ఆమె గొంతు పెరిగింది. "నాకు ఇష్టమై కూర్చున్నాననుకుంటున్నావా? ఒక్కో పూట నా ప్రాణం పోతోంది!"

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని పెనుగులాడినట్టు నిలబడ్డారు. జెస్సి ఏడుస్తోంది. ఎస్తేరు కూడా ఏడుస్తోంది.

"అబ్బా," అన్నాడు ప్రభుదాస్.

ఇద్దరూ ఆగిపోయారు. అతని నుదురు ముడిపడింది. ఎంతోకాలంగా ఆ ముఖంలో లేని ముడత అది.

"ఏంటండీ?" అంది ఎస్తేరు.

"గోల చేయబాకండి." మాట ముద్దగా, మెల్లగా వచ్చింది. అతను ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్ళు అటూ ఇటూ తిప్పి, చివరికి భార్య మీద నిలిపాడు. "ఎదురుగా కూర్చోబాక ఎస్తేరూ. రోజూ ఇదే. ఊపిరాడట్లా నాకు."

"ఎక్కడ కూర్చోమంటారు?"

"బయటికి పో."

"ఏంటీ?"

"బయటికి పొమ్మంటన్నా గదా!"

ఎస్తేరు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి వచ్చింది. జెస్సి వెనకే వచ్చి, ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడింది. ఎస్తేరు మెట్టుమీద కూర్చుంది. గాజు ఇంకా నీలంగా అదురుతోంది. ఆమె దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. గీతకు ఇంకా కాస్త ఎడం ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు. రోడ్డుమీద కొబ్బరిబోండాల బండి పోతోంది. ఆ బండివాడు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఆమె అటే చూసింది.

లోపల బల్ల కిర్రుమంది. గ్లాసు అంచు పంటికి తగిలిన చిన్న శబ్దం. తర్వాత గుటకలు, ఒకటి, ఇంకొకటి. జెస్సి రెండు చేతులతో నోరు మూసుకుంది.

గాజు వెలుగు ఆరిపోయింది.

"జెస్సీ!" అని లోపలినుంచి కేక. జెస్సి పరుగెత్తింది. లోపల తండ్రీ కూతుళ్ళు ఏదో మాట్లాడుకోవడం వినపడింది, ముందు అతని గొంతు, తర్వాత ఆమెది, మళ్ళీ అతనిది, కాస్త విసుగ్గా. జెస్సి తిరిగి వచ్చేసరికి ఆమె ముఖమంతా తడిసి, నవ్వు ఆగకుండా ఉంది.

"నీళ్ళు వేడిగా ఉన్నాయంటమ్మా. చల్లటివి కావాలంట."

ఎస్తేరు కొంగుతో ముఖం తుడుచుకుంది. లేవబోయి, ఆగి, మళ్ళీ మెట్టుమీదే కూర్చుంది.

"ఫ్రిజ్‌లో ఉన్నాయి," అంది. "వచ్చి తీసుకోమను."

జెస్సి తల్లిని చూసి, లోపలికి తిరిగి చెప్పింది. ఆ తర్వాత గచ్చు మీద కర్ర ఆనిన చప్పుడు, సణుగుతూ వంటింటివైపు ఒక్కో అడుగే వేస్తున్న చప్పుడు వినపడసాగింది.